సీసాలావిడ

"అక్కా, సీసాలావిడ మళ్ళీ వచ్చింది!"

తోడికోడలు గుమ్మంలోంచే కేకేసింది.

పెద్దకోడలు చేతిలోని గంప పక్కన పడేసి లేచింది. పొద్దున్నించీ ఆ ఒక్క గంపనే కడుగుతోంది. అది ఎప్పుడో శుభ్రపడింది. చేతులే ఊరుకోవడం లేదు.

ఏరు సముద్రంలో కలిసే చోట, బురదలో ఆల్చిప్పలు ఏరి అమ్ముకునే ఇల్లు వాళ్ళది. అవి తిని ఎవరికో వాంతులయ్యాయని, ఏటి నీళ్ళు పాడయ్యాయని రేవులో బోర్డు పెట్టారు. ఆల్చిప్పలు తియ్యకూడదు. అన్నదమ్ములిద్దరూ పని వెతుక్కుంటూ పట్నం పోయారు. అప్పట్నించీ పెద్దకోడలికి కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆ బోర్డు వెనకే వచ్చింది సీసాలావిడ. వారం వారం వస్తుంది. పొడుగు బూట్లు, భుజాన సంచి, చేతిలో ఐస్ పెట్టె. సీసాల్లో నీళ్ళు పట్టుకుని పోతుంది.

పెద్దకోడలు రేవు మెట్ల మీదే అడ్డం నిలబడింది.

"ఏం మేడమ్, ఇంకా ఎన్నాళ్ళు?"

"ఇప్పుడే ఏమీ చెప్పలేనమ్మా."

"మీ జీతాలేం ఆగవు. మా ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదు."

"తెలుసమ్మా."

"ఓహో! తెలిసే వస్తున్నారన్నమాట."

ఆవిడ పెట్టె చెయ్యి మార్చుకుంది.

"ఫలితం చూడకుండా మాటివ్వకూడదు. ఇచ్చి తప్పితే ఆ బాధ మీకే," అని పక్కనించి తప్పుకుని బురదలోకి దిగింది.

ఆటు వేళ. నీళ్ళు బాగా వెనక్కి తీశాయి. ఆవిడ ఒక్కో కాలూ పీక్కుంటూ ఆల్చిప్పల దిబ్బ దాకా నడిచింది. సీసాలు ముంచి, మూతలు బిగించి, ఎండ తగలకుండా పొట్టకి అదుముకుని తెచ్చింది.

"చూడక్కా, చంటిపిల్లని తెచ్చినట్టు ఎలా తెస్తోందో!"

"మన నోటి కాడ కూడు తీసుకుపోతోంది. భద్రంగా తేక ఏం చేస్తుంది?"

ఆవిడ సీసాలు ఐస్ పెట్టెలో సర్దింది. బూట్లు కడుక్కోవడానికి అవతల కుళాయి దగ్గరికి వెళ్ళింది.

పెద్దకోడలు ఆ పెట్టె వంక చూసింది. నీళ్ళలో తప్పు వెతికే మనిషి ఉన్నన్నాళ్ళూ తప్పు దొరుకుతూనే ఉంటుంది. వెతికే మనిషే రాకపోతే?

"అక్కా, వద్దు!"

అప్పటికే కాలు లేచింది. పెట్టె మెట్ల మీంచి దొర్లింది. మూత ఊడింది. సీసాలన్నీ ఏటి పాలయ్యాయి.

ఆవిడ పరిగెత్తుకొచ్చింది. పెట్టెని చూసింది. తోడికోడళ్ళిద్దరినీ చూసింది. సంచిలోంచి ఖాళీ సీసా ఒకటి లాక్కుని నీళ్ళలోకి దూకినట్టే దిగింది.

అప్పటికే పోటు ఎక్కేసింది. దిబ్బ కనపడటం లేదు. నీళ్ళు మోకాలు దాటాయి. నడుం దాటాయి. గుండెల్లోతుకి వచ్చేసరికి నీటి వడి ఆవిణ్ణి పక్కకి లాగింది. ఖాళీ సీసా పైకెత్తి పట్టుకుని కాసేపు అక్కడే తట్టుకుని నిలబడింది.

తరవాత వెనక్కి తిరిగింది.

"దిబ్బ దగ్గరి నీళ్ళే కావాలి. మళ్ళీ ఆటు వచ్చేసరికి ల్యాబు మూసేస్తారు," అంది, ఎవరితోనూ కాదు.

తడిబట్టలతోనే వెళ్ళిపోయింది.

"ఎవరు తన్నారని కూడా అడగలేదేమక్కా?" తోడికోడలు గొణిగింది.

"పోలీసులతో వచ్చి అడుగుతుంది, ఉండు."

ఆ వారమంతా పెద్దకోడలికి కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నించుంటే నించోబుద్ధి కాలేదు. జీపు చప్పుడైతే చాలు, పెరట్లోకి పరిగెత్తేది. పోలీసులు రాలేదు. పై వారం సీసాలావిడా రాలేదు.

"పీడ విరగడైంది," అంది పెద్దకోడలు. అనేసి, ఎందుకో మళ్ళీ రేవు దాకా వెళ్ళి చూసొచ్చింది.

ఒకరోజు నిజంగానే జీపు వచ్చింది. ఆఫీసు మనిషొకడు దిగి పాత బోర్డు పీకుతున్నాడు. పెద్దకోడలు గంప చంకనేసుకుని పరుగున వెళ్ళింది. వెనకే తోడికోడలు.

"తెరిచేశారా బాబూ?"

"లేదమ్మా. ఇది కొత్త బోర్డు. ఈ సీజన్ అయ్యేదాకా మూతే."

"అదేంటి! నీళ్ళు బాగుపడినా కూడానా?"

"బాగుపడ్డాయని రుజువుండాలి కదా. నెలాఖరులోగా వరసగా నాలుగు వారాలు పరీక్షలో నెగ్గితే తెరవమన్నారు పైవాళ్ళు. మూడు వారాలు నెగ్గాయి. నాలుగో వారం నీళ్ళు ల్యాబుకి చేరలేదు. గడువైపోయింది."

తోడికోడలు చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పెద్దకోడలు గంప దించింది. మళ్ళీ ఎత్తుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"ఆ మేడమ్‌ని ఒక్కసారి పంపండి బాబూ. బురదలో నేను చెయ్యిపట్టుకుని తీసుకెళ్తాను. ఆ పెట్టె నేనే మోస్తాను. ఒక్కసారి పంపండి."

"పంపడానికి మేమెక్కడ పంపాం తల్లీ? ఇక్కడ పరీక్షలు దండగని మా ఆఫీసు బోర్డు పెట్టిన వారానికే మానేసింది."

"మరి ఆవిడ?"

అతను ఆఖరి మేకు కొట్టి, సుత్తి దించాడు.

"మా ల్యాబులోనే పనిచేసేవారు, మొన్ననే దూరంగా బదిలీ అయింది. వారానికి దొరికేది ఒక్క సెలవు, ఆ సెలవు రోజున ఒక్కరే వచ్చేవారు, ఎలాగైనా మీ రేవు తెరిపిద్దామని."