పేరు చెప్పాలనే షరతు

రస్మియా ఒంటరిగా పోయింది. ఆఖరి ఘడియలో చెవిలో కలిమా చెప్పే మనిషి కూడా లేకుండా పోయింది.

ఆమె భర్త ముఫ్లిహ్‌కి ఇందులో అనుమానం లేదు. ఆడవాళ్ళ వార్డులో రోగికి తోడుగా ఆడమనిషే ఉండాలన్నారు. వాళ్ళకి కూతురు లేదు. మరదలు ఫిద్దాకి తన సంసారం వదిలి ఎప్పుడో ఓసారి వచ్చి పోవడమే కుదిరేది. సాయంత్రం కాసేపు చూడనిచ్చి, గంట కొట్టి, ఆయన్ని బయటికి పంపేసేవారు.

భార్య పోయాక ఆయన మనసు మరీ గట్టిపడింది. అందుకే కాబోలు, తఫీలా ఊరి కొండమీది కాలేజీలో విద్యార్థులు ఏఐని ఎంతవరకు వాడుకోవచ్చో నిబంధనలు రాసే పని వచ్చినప్పుడు, ఆ కమిటీకి ఆయన్నే పెద్దని చేశారు. ఆయన అక్కడ అరబీ వ్యాసరచన చెబుతాడు.

కమిటీలో అందరికన్నా చిన్నది సిరీన్, కంప్యూటర్ల టీచరు. తప్పులు దిద్దుకోడానికి వాడుకోనిద్దాం, వాడినచోట వాడామని రాయమందాం అంది. సరేనన్నారు. చేత్తో రాసిన చిత్తుప్రతి జతచెయ్యాలంది. అదీ సరేనన్నారు.

ఆఖరి షరతు ముఫ్లిహ్‌ది. ఫలానా మనిషిని నేను చూశాను అని ఎవరైనా రాస్తే, అనుమానం వచ్చినప్పుడు ఆ మనిషి పేరూ ఊరూ కమిటీ ముందు చెప్పాలి. చెప్పకపోతే అది యంత్రం రాసినట్టే లెక్క. సున్నా మార్కులు. ఫీజు రాయితీ రద్దు.

"మరీ కఠినం, డాక్టర్," అంది సిరీన్. కాలేజీలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు.

"మనిషన్నాక ఊరుంటుంది. ఊళ్ళో అడిగితే తెలిసిపోతుంది. యంత్రానికి ఏ ఊరుంది?"

ఆ షరతుకి మొదట దొరికింది తహానీ. రెండో సంవత్సరం పిల్ల. వెనకబెంచీలో కూచుంటుంది, నోరు విప్పదు. హాజరు పిలిచేటప్పుడు తప్ప ముఫ్లిహ్‌కి ఆ పిల్ల తెలియదు.

మంచం దిగలేని ఒకావిడ గురించి రాసింది. ఆవిడ కిటికీలోంచి కొండని చూస్తూ, మేకల్ని పిలిచినట్టు ఈల వేసేదట. అక్కడ మేకలు లేవు. అయినా వేసేదట. తనకీ నేర్పిందట.

ముఫ్లిహ్ ఎర్రసిరాతో అంచున రాశాడు: మన ఊళ్ళలో ఆడది ఈల వెయ్యదు. యంత్రానికి మన ఊళ్ళు తెలియవు. ఇలాంటి మనిషి లేదు.

కమిటీ ముందుకి పిలిపించారు. సిరీన్ తప్ప అందరూ మగవాళ్ళే.

"ఎవరావిడ?"

"ఇంతమంది మగవాళ్ళలో ఆవిడ పేరు ఎత్తలేను, డాక్టర్."

ముఫ్లిహ్ కూడా భార్య పేరు ఏనాడూ నలుగురిలో ఎత్తలేదు. ఇంట్లో మనిషి అనేవాడు. అయినా షరతు షరతే.

"మీ ఒక్కరికీ చెబుతాను. రెండు నిమిషాలు చాలు."

"సిఫార్సులన్నీ చాటుగానే మొదలవుతాయి. ఏదున్నా ఇక్కడే చెప్పు."

ఆ పిల్ల చెప్పలేదు. సిరీన్ చిత్తుప్రతి ముందుకి తోసి, ఎన్ని కొట్టివేతలున్నాయో చూడమంది. యంత్రాన్ని చూసి రాసేవాడి చెయ్యి కూడా తడబడుతుందన్నాడు ముఫ్లిహ్.

తహానీ వైపు తిరిగాడు.

"నీకూ నేర్పిందన్నావుగా. ఏదీ, వెయ్యి చూద్దాం."

ఎవరో నవ్వారు. తహానీ తల దించుకుంది.

రాయితీ పోతే ఆ పిల్ల చదువు పోయినట్టే. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా రద్దు కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆమె వెళ్ళిన కాసేపటికి కింది రోడ్డు మీంచి ఒక ఈల వినిపించింది. సన్నగా మొదలై, పైకి లేచి, మధ్యలో తెగింది.

"మేకలవాళ్ళు," అంటూ ముఫ్లిహ్ కిటికీ మూసేశాడు.

కొన్నాళ్ళకి మరదలు ఫిద్దా పప్పు షోర్బా వండి తెచ్చింది. ఈ రోజుల్లో యంత్రాలు ఎలాంటి కోతలు కోస్తున్నాయో వినమని, తింటూ ఆమెకి ఈల వేసే ఆవిడ కథ చెప్పాడు.

ఫిద్దా గరిటె కింద పెట్టింది.

నాలుక మడిచి ఈల వేసింది. సన్నగా మొదలై, పైకి లేచి, మధ్యలో తెగింది.

ముఫ్లిహ్ చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది.

"ఇది అక్కది, బావా. పెళ్ళిదాకా మా మేకలు కాసింది అదేగా. నీకు నచ్చదని నీ గడపలో వెయ్యలేదు."

ఆయన రొట్టె పళ్ళెంలో పెట్టేశాడు.

"వార్డులో దానికి తోడు లేదనుకుంటున్నావు. పక్క మంచం ముసలమ్మ మనవరాలు తోడుంది. తలుపు దగ్గర నేను రస్మియా కూతుర్నని చెప్పి లోపలికెళ్ళేది. వాళ్ళ అవ్వ ఇంటికెళ్ళిపోయినా ఆ పిల్ల రావడం మానలేదు. నువ్వొచ్చే వేళకి బయటికి తప్పుకునేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"పరాయివాళ్ళు సేవ చేస్తున్నారంటే నువ్వు సాగనిస్తావా? నీకు చెప్పొద్దని అక్క మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది. రాయొద్దని మాత్రం తీసుకోలేదు."

ముఫ్లిహ్ ఆ పిల్ల పేరు అడగలేదు.

మర్నాడు తన షరతు తనే కొట్టేయించాడు. సిరీన్ చేత తహానీ ఇంటికి ఫోన్ చేయించాడు. చిన్నాన్న ఎత్తాడు. ఫీజు కట్టలేక మాన్పించామన్నాడు. పెళ్ళి చేసి సరిహద్దు అవతల తబూక్‌కి పంపేశామన్నాడు. తమ ఆడపిల్ల పేరు పరాయివాళ్ళ నోట వినడం తమకి ఇష్టం లేదని చెప్పి పెట్టేశాడు.

"ఇంతకీ ఆ వ్యాసంలో ఆవిడ ఎవరు, డాక్టర్?" అని అడిగింది సిరీన్.

"ఈ సంగతి నా దగ్గర మళ్ళీ ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. రస్మియా చెవిలో కలిమా చెప్పి సాగనంపిన ఆ కూతురి గురించి, బతికినన్నాళ్ళూ ఆయనా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.