తొంభై ఆరు శాతం

"పేషెంటు మొహం చూడకుండా, కంప్యూటర్ ముందు కూర్చుని క్యాన్సర్ నయం చేసేస్తావా అమ్మాయ్?" అన్నాడు వెంగ్.

పెయ్‌లిన్‌కి పీహెచ్‌డీ అయి ఆరేళ్ళు. నాలుగు ఫెలోషిప్పులకి దరఖాస్తు పెడితే నాలుగూ పోయాయి. నెలాఖరుకి ల్యాబులో ఉన్న ఉద్యోగం కూడా పోతోంది. ఇక మిగిలింది ఇదొక్కటే. కావ్‌షియుంగ్ నగరంలో స్క్రూల ఫ్యాక్టరీ పెట్టి పైకొచ్చిన ఈ పెద్దాయన, నోటి క్యాన్సర్‌తో పోయిన కూతురి పేరిట ఏటా ఒక్కరికి మూడేళ్ళ జీతం ఇస్తాడు. ఆ ఒక్కరినీ తనే వచ్చి కూర్చుని ఎంచుకుంటాడు.

"నయం చెయ్యను సార్. ఆపరేషన్ అయ్యాక ఎవరికి తిరగబెడుతుందో ముందే చెప్తాను. డాక్టర్లు జాగ్రత్తపడతారు."

"ఓహో, జాతకం చెప్తావన్నమాట!"

ఎంపికలో సలహా చెప్పడానికి ఆయన పక్కన కూర్చున్న ప్రొఫెసర్ షావ్ టీ కప్పు చాటున నవ్వుకున్నాడు. పెయ్‌లిన్‌కి ఏడుపొచ్చింది.

"జాతకం కాదు సార్, లెక్క."

"నేను స్క్రూలు చేసేవాణ్ణి. బిగిసిందో లేదో ఓసారి తిప్పితే తెలిసిపోతుంది. నీ లెక్కని ఎలా తిప్పి చూడమంటావ్?"

"ఇక్కడి పెద్దాస్పత్రిలో ఆపరేషన్ అయి, తర్వాత ఏమైందో తెలిసిన పాత పేషెంట్ల మీద పెట్టి చూశాను సార్. వందకి తొంభై ఆరు సరిపోయాయి."

షావ్ కప్పు కింద పెట్టేశాడు. "తొంభై ఆరా! మా ల్యాబువాళ్ళ లెక్క ఎనభై దాటి చావట్లేదమ్మా!"

వెంగ్‌కి అదేం పట్టలేదు. ముందుకి వంగి, "మా అమ్మాయి ఉందా అందులో? దానికి ఆపరేషన్ చేసిందీ ఆ ఆస్పత్రిలోనే" అన్నాడు.

తన దగ్గర పేర్లు ఉండవని చెప్పాలి. కానీ ఆయన కూతురి కాలంలో అక్కడ ఆపరేషన్ అయిన వాళ్ళందరి వివరాలూ ఆమెకి వచ్చిన మాట నిజమే. పైగా కాదంటే ఈయన కూడా చేజారిపోతాడు.

"ఉంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా ఫ్యాక్టరీలో వక్క నమలనివాడు లేడు. నేనూ నలభై ఏళ్ళు నమిలాను, గుండ్రాయిలా ఉన్నాను. అది జన్మలో వక్క ముట్టలేదమ్మా. మందు లేదు, సిగరెట్ లేదు. అయినా దానికే వచ్చింది. ఎందుకొచ్చిందయ్యా అని అడిగితే ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. నువ్వు చెప్తావా?"

ఆ క్షణంలో ఆయన ఏమడిగినా ఆమె సరేననేదే. "చెప్తాను సార్" అంది.

వెంగ్ ఇక షావ్‌ని కూడా ఏమీ అడగలేదు. జేబులోంచి సంతకానికి బదులు వాడే ముద్ర తీసి, ఎర్ర సిరాలో అద్ది, ఆమె దరఖాస్తు మీద గట్టిగా నొక్కాడు. "పో, ఒకటో తారీఖు నుంచి పని మొదలెట్టు."

పెయ్‌లిన్ లేచి నడుం వంచి దండం పెట్టింది. ఆరేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా అక్కడే వచ్చేసింది. ఆమె తలుపు దాకా వెళ్ళిందో లేదో ఆయన వెనకాలే వచ్చి, మడతలు పడ్డ చీటీ ఒకటి చేతిలో పెట్టాడు.

"మీకు పేర్లు ఇవ్వరట కదా, నంబర్లేనట. ఆస్పత్రి లెక్కల్లో దాని నంబరు అప్పట్లో నర్సు రాసిచ్చింది. ఇన్నేళ్ళూ పర్సులోనే దాచాను. ముందు దాని సంగతి చూడమ్మా."

పెయ్‌లిన్ చీటీ విప్పింది. నూట పదిహేడు.

ఆమెకి ఆ నంబరు బాగా గుర్తుంది. లెక్కకి లొంగక శాతాన్ని కిందికి లాగుతున్నారని పోయిన నెల ఆమె ఫైల్లోంచి తీసిపారేసిన పద్నాలుగు మంది పేషెంట్లలో, మొట్టమొదట తీసేసింది నూట పదిహేడునే.