ముంజేతి మచ్చ

జ్ఞాపకాలు కడిగే కేంద్రాలు వీధికొకటి వెలిసిన రోజులవి. మగపిల్లాడిగా పుట్టి, తాను ఆడపిల్లనని చెప్పేవాళ్లకి వైద్యం మొదలుపెట్టే ముందు, పాత దెబ్బల జ్ఞాపకాలన్నీ కడిగించాలని రూలు. అవి పోయాక కూడా ఆ మాట మీదే నిలబడితేనే మందులిస్తారు. దెబ్బలతోపాటు ఆ పిచ్చి కూడా కొట్టుకుపోతుందన్న ఆశతో కోదండం కొడుకుని తనే దగ్గరుండి తీసుకెళ్లాడు.

ఇంటికి రాగానే పిల్ల తిన్నగా అద్దం ముందు కూర్చుని, ఎప్పటిలాగే తనను హిమజ అని పిలవమంది. గాజులు తొడుక్కుంటూ ముంజేతి మీద కాలిన మచ్చ చూసి ఆగింది.

"ఇదెలా అయింది నాన్నా?"

చున్నీ వేసుకుందని తనే వాత పెట్టిన సంగతి కోదండానికి నిన్న జరిగినట్టుంది.

"ఇస్త్రీపెట్టె తగిలిందమ్మా," అన్నాడు. ఆ పిల్లని 'అమ్మా' అనడం అదే మొదలు.

"మందు నువ్వే రాసుంటావు," అని హిమజ నవ్వుతూ అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకుని ఏళ్లయింది.

సాయంత్రం కేంద్రం నుంచి ఫోనొచ్చింది.

"ఇంట్లోవాళ్లకి ఉచితమండి. మీవి కూడా కడిగేయమంటారా?"

"వద్దండి," అన్నాడు కోదండం. "ఇంట్లో ఒక్కరికైనా గుర్తుండాలి కదా."