మూడో వరుసలో రెండు కుర్చీలు

ఆదివారం పదింటికి సభ. కండక్టరు తొమ్మిదింటికే వచ్చి హాలు మెట్ల మీద కూర్చున్నాడు.

ముప్పై ఏళ్ళు బస్సులో జనాన్ని తోసుకుంటూ తిరిగిన మనిషి. రిటైరైన ఏడాదికే భార్య పోయింది. పిల్లలు లేరు. ఇంట్లో పలకరించే దిక్కు లేక పొద్దున్నే రేడియో పెట్టేవాడు. వార్తలు చదివే ఆవిడ "నమస్కారం" అంటే ఈయనా "నమస్కారమమ్మా" అనేవాడు. నవ్వకండి. మనిషి గొంతు వినకుండా వారం గడిపి చూస్తే మీకూ తెలుస్తుంది.

అలాంటి మనిషికి 'మన నీళ్ళు - మన మాట' ఉద్యమం దొరికింది.

ఊళ్ళ నీళ్ళ సరఫరాను ఒక కంపెనీ చేతిలో పెట్టే బిల్లు శాసనసభలో ఉంది. అలా పెడితేనే ఇంటింటికీ నీళ్ళొస్తాయని ఉద్యమం వాదన. సామాన్యులే నడుం కట్టి మొదలుపెట్టిన ఉద్యమమని బ్యానరు మీద రాసి ఉండేది. ఆ బ్యానరు మాత్రం సినిమా తెరంత ఉండేది. సామాన్యులు చెమట పట్టకుండా కూర్చోవడానికి ఏసీ, తిరిగి దింపడానికి బస్సు. నడిపించే పెద్దమనిషి అసలు పేరు ఎవరికీ తెలియదు. మైకు కనపడితే చాలు, "హలో, హలో" అని తట్టి చూసేవాడు. అందుకని అందరూ ఆయన్నే మైకు అనేవారు.

మూడో వరుసలో కండక్టరు పక్క కుర్చీ టైలరమ్మది.

యాభై దాటిన మనిషి. బజారు వీధిలో ఒక్క గది, ఒక్క మిషను, తనొక్కతే. మిగతా జనానిదంతా గుంపులో గోవిందా. ఆవులిస్తూ, ఫోన్లు చూసుకుంటూ, మైకు చెయ్యెత్తినప్పుడు ఒక అరుపు అరిచేవారు. టైలరమ్మ అలా కాదు. రెప్ప వెయ్యకుండా వినేది. విన్నదంతా చిన్న పుస్తకంలో రాసుకునేది.

అటువంటి మనిషి పక్కన కూర్చోవడమంటే కండక్టరుకు బెరుకు. నినాదాలు ఇంటి దగ్గర అద్దం ముందు నాలుగుసార్లు అనుకుని వచ్చేవాడు. ఆమె వింటోందంటే గొంతు చించుకునేవాడు.

రెండో నెలలో ఒకరోజు ఆయన చొక్కా గుండీ దారానికి వేలాడటం ఆమె చూసింది.

"కదలకండి," అంది.

సంచిలోంచి సూది తీసి, వేదిక మీద మైకు ఉపన్యాసం దంచుతుండగానే కుట్టేసింది. దారం పంటితో తెంపింది.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"లేరమ్మా."

"నాకూ అంతే లెండి."

ఆ రోజు ఇంటికెళ్ళి ఆయన రేడియో పెట్టలేదు. ఆమె అన్న మూడు ముక్కలే మళ్ళీ మళ్ళీ తలుచుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి ఆదివారం సభ అయ్యాక గుండె చిక్కబట్టుకుని, "టీ తాగుదామా?" అని అడిగాడు. ఆమె మొహం వెలిగింది. అంతలోనే ఆరిపోయింది.

"ఇంకోసారి తాగుదాం లెండి. పనుంది."

ఆయనకు బాధ కలిగింది. నిజం చెప్పొద్దూ, కాస్త ఊపిరీ పీల్చుకున్నాడు. ఎదురుగా కూర్చుంటే చెప్పాల్సిన మాట ఒకటి గొంతులో ముల్లులా ఉంది. చెబితే ఆ పక్క కుర్చీ కూడా ఖాళీ అయిపోతుందని భయం.

బిల్లు నెగ్గింది. మైకు పూలదండ వేయించుకుని, "ఉద్యమం గెలిచింది, ఇక సెలవు!" అన్నాడు. జనం గబగబా బస్సెక్కారు. ఆ గెలుపు రోజున కళ్ళు తుడుచుకున్నవాడు ఆ హాలు మొత్తానికి కండక్టరు ఒక్కడే. మెట్ల దగ్గర టైలరమ్మ ఏదో చెప్పబోయింది. ఆయనా నోరు తెరిచాడు. బస్సు హారన్ కొట్టింది.

తర్వాత మూడు ఆదివారాలు గోడలు చూస్తూ గడిచాయి. రెండుసార్లు బజారు వీధి మలుపు దాకా వెళ్ళాడు. మిషను చప్పుడు విని వెనక్కొచ్చేశాడు. అరవై దాటినవాడు కాలేజీ కుర్రాడిలా సందు చివర నిలబడటమేమిటని తనను తనే తిట్టుకున్నాడు.

నాలుగో ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండు బస్సులు మారి, ఊరి అవతలి కొసన ఉన్న ఇంకో హాలుకు వెళ్ళాడు.

'మా నీళ్ళు మాకే' అని అక్కడ కొత్త బ్యానరు. మొన్న నెగ్గిన చట్టాన్ని రద్దు చెయ్యాలట. సామాన్యులు మళ్ళీ నడుం కట్టారట. వేదిక మీద నిలబడి "హలో, హలో" అంటున్నది మైకే.

మూడో వరుసలో టైలరమ్మ ఉంది. ఆయన్ని చూడగానే ఆమె చేతిలోని నినాదాల అట్ట జారిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"నా కోసం వెతుక్కుంటూ వచ్చారా?" అంది గొంతు తగ్గించి.

ఆయన చొక్కా గుండీ తడుముకున్నాడు.

"మీకెలాగూ తెలిసిపోయింది, చెప్పేస్తాను. నేను ఉద్యమం మనిషిని కాదండీ. రోజు కూలికి వచ్చి కూర్చుంటాను. ఆ హాలంతా అంతే. మొదటి రోజే మైకు మిమ్మల్ని చూపించి, 'ఆయనొక్కడే నిజంగా నమ్మి వస్తున్నాడు, ఆయన ముందు నోరు జాగ్రత్త' అన్నాడు. అందుకే టీకి రాలేదు. మీలాంటి మనిషి ఎదురుగా కూర్చుని అబద్ధం ఎలా ఆడను? ఇంటికెళ్ళి ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు."

ఆమె కళ్ళు నిండిపోయాయి. ఆయన వంగి, కింద పడిన అట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"తొలి ఆదివారం కూలి చేతిలో పెడుతూ, మైకు మీ గురించి నాకూ సరిగ్గా ఇదే మాట చెప్పాడమ్మా," అన్నాడు కండక్టరు.