షిఫ్టులు మార్చే ఫైలు

“మీ ఇద్దరికీ పగటి షిఫ్టే టైపు చేశానయ్యా. తెల్లారేసరికి దానంతటదే మారిపోయింది!” అన్నాడు సూపర్‌వైజరు.

“మారదు మరి? కంప్యూటరుకి కూడా నా పెళ్ళాం మీద కన్ను పడిందేమో!” అన్నాడు ఫిట్టరు.

గదిలో గుమాస్తాలు తలలు దించుకుని నవ్వు దాచుకున్నారు.

ఆ నూలు మిల్లులో అతను ఫిట్టరు, భార్య ప్యాకింగులో. అతను గేటు దాటి బయటికొస్తుంటే ఆమె లోపలికి పోయేది. ఇంట్లో మూతపెట్టిన గిన్నెలే తప్ప మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని తిన్న పాపాన పోలేదు. అడిగితే, “ఏం చేస్తామండీ, మన రాత!” అంటూ ఆమె కొంగుతో కళ్ళొత్తుకునేది. ఇస్త్రీ చొక్కా, సెంటు వాసనతో తిరిగే ఈ సూపర్‌వైజరును చూస్తే అతనికి ఒళ్ళు మండేది. ఇవాళ అటో ఇటో తేల్చుకుందామనే వచ్చాడు.

“నన్ను అనుమానించకు. ఈ మాయదారి ఫైలు ఎవరు పెట్టారో!” అంటూ సూపర్‌వైజరు తెర మీద ఒకదాన్ని నొక్కాడు. నల్లటి విండో ఒకటి తటాలున మెరిసి మాయమైంది.

“అలా నొక్కకండి సార్!” పక్క బల్ల దగ్గర కంప్యూటరు ఆపరేటరుగా పనిచేసే ఫిట్టరు చెల్లెలు లేచింది. “అది బ్యాచ్ ఫైలు, కంప్యూటరుకి వరసగా పనులు చెప్పే చీటీ లాంటిది. రోజూ రాత్రి దానంతటదే నడుస్తుంది, నొక్కినా నడుస్తుంది. చదవాలంటే ఎడిట్‌లో తెరవాలి. మీరు చూద్దామని నొక్కిన ప్రతిసారీ షిఫ్టులు మళ్ళీ మార్చేస్తుంది.”

“తెరువమ్మా! వీళ్ళ బండారం బయటపడాలి,” అన్నాడు ఫిట్టరు.

తెరిచింది. అన్నీ ఇంగ్లీషు ముక్కలు. తన పేరూ భార్య పేరూ మాత్రం పోల్చుకున్నాడు ఫిట్టరు.

“ఏముందే అందులో?”

“షిఫ్టుల ఫైలు వరసవరసా చదువుతుంది. మీ ఇద్దరి పేర్లూ ఒకే షిఫ్టులో కనబడితే నీది తీసి ఇంకోదాంట్లో పెట్టి సేవ్ చేస్తుంది.”

“విన్నారుగా! ఎవడు రాశాడిది?” ఫిట్టరు బల్ల మీద దబ్బున గుద్దాడు. గుమాస్తాలు ఉలిక్కిపడ్డారు. చెల్లెలు అలవాటైనదానిలా రెండడుగులు వెనక్కి జరిగింది.

“నేనే రాశాను.”

అతను నోరు తెరిచాడు. “తోడబుట్టినదానివి, నా కాపురంలో నిప్పులు పోస్తావా? ఈ పెద్దమనిషి ఏం ఆశ పెట్టాడే నీకు?”

“సారుకేం తెలీదు.”

“మరి ఎవరు రాయమన్నారు?”

చెల్లెలు బల్ల మీదున్న అతని పిడికిలి వైపు చూసింది.

“వదినే బతిమాలుకుంది, అన్నయ్యా.”