నాలుగుంబావు అంగుళాల గుంట

పూల్ బల్ల గుంటలు ఇరుకు చేయించాలని రోవెనా పట్టుబట్టింది. ఆమె తండ్రి అన్సెల్మో తల పట్టుకున్నాడు.

తార్లాక్ ఊరి బస్టాండు వెనక, కర్రతో బంతుల్ని గుంటల్లోకి కొట్టే ఈ ఆటకి అతనిది మూడు బల్లల హాలు. ఒక్కతే కూతురు. "ఆటలో నన్ను ఓడించినవాణ్ణే చేసుకుంటా" అని పదేళ్ల కిందట ఊరందరి ముందూ బల్ల గుద్ది మరీ చెప్పింది. ఆ తర్వాత పదకొండుమంది వచ్చారు. అందరూ కర్ర ఊపుకుంటూ వచ్చి, చేతులూపుకుంటూ పోయారు.

గుంటలో బంతి పడితే గానీ ఇంట్లో పెళ్లిబంతి పడదు. అన్సెల్మో దిగులంతా అదే.

పన్నెండోవాడు ఇస్కో. రొట్టెల బట్టీ నడుపుతాడు. రోజూ పొద్దున్నే వేడివేడి బన్నులు తెచ్చిచ్చి, రోవెనా చేతిలో ఓ ఆట ఓడి, నవ్వుకుంటూ పోతాడు. ఏడాదిగా ఇదే వరస. వరస కలిసే దారి మాత్రం కనపడదు.

ఈమధ్య అతనికి కాస్త చెయ్యి తిరిగింది. ఆదివారం పందేనికి సిద్ధమన్నాడు. బలహీనుడికి ముందుగానే రెండు ఆటలు కలిపివ్వడం అక్కడి మర్యాద. తీసుకోమని అన్సెల్మో బతిమాలాడు.

"వద్దు పెద్దాయనా," అన్నాడు ఇస్కో. "ఆవిడ జాలిపడి ఒక్క బంతి వదిలిందని తెలిసినా, నేను మళ్లీ ఈ గుమ్మం తొక్కను."

సరిగ్గా ఆ వారమే రోవెనాకు ఈ బుద్ధి పుట్టింది.

బల్లలు బాగుచేసే టెబాన్ వచ్చాడు. అంచుల పాత రబ్బరు పీకి కొత్తది అతికించాడు. గుంటల నోళ్లకు రెండువైపులా చెక్కలు బిగించాడు. చిరిగిన తోలుసంచులు మార్చాడు. ఐదంగుళాల నోరు నాలుగుంబావుకి వచ్చింది. రెండు బంతులు చెట్టపట్టాలేసుకుని దూరిన చోట, ఇప్పుడు ఒక్కటి వెళ్లాలన్నా ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

"ఇందులో మీ అమ్మాయి తప్ప ఇంకెవరూ వెయ్యలేరన్నా," అన్నాడు టెబాన్.

అన్సెల్మో కూతురి దగ్గరకు వెళ్లాడు. "ఆ కుర్రాడి నోట్లో మట్టి కొడుతున్నావే."

"ఆటన్నాక గట్టిగా ఉండాలి నాన్నా," అంది ఆమె, కర్ర కొసకు సుద్ద రుద్దుకుంటూ.

గుంటలకన్నా ఈ గుంట మనసే ఇరుగ్గా ఉందనుకున్నాడు అన్సెల్మో.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు ఏడు ఆటలు గెలిచినవాళ్లదే పందెం. ఇస్కో చెమటలు కక్కుతూ ఆడాడు. ఇద్దరి బంతులూ గుంట మూతిదాకా వెళ్లి, తల విదిలించి వెనక్కి వస్తున్నాయి. రోవెనా పళ్లు నూరింది, రబ్బరును తిట్టింది. చూస్తూండగానే ఆరూ ఆరూ అయ్యాయి.

ఆఖరి ఆటలో కొట్టాల్సింది తొమ్మిదో నంబరు బంతి ఒక్కటే మిగిలింది; దాన్ని గుంటలో వేసినవాళ్లదే గెలుపు. వంతు రోవెనాది. గుంటకి రెండు జానల దూరం, తిన్నగా.

అన్సెల్మో కళ్లు మూసుకున్నాడు. టక్, టక్ మని రెండు చప్పుళ్లు. కళ్లు తెరిచేసరికి బంతి గుంట అంచులకు అటూ ఇటూ కొట్టుకుని, గుమ్మంలోనే చతికిలబడి ఉంది. ఇస్కో తన వంతులో దాన్ని లోపలికి కొట్టాడు.

జనం అతన్ని భుజాలకెత్తుకుని వీధిలోకి తీసుకుపోయారు. హాల్లో తండ్రీకూతుళ్లే మిగిలారు. అల్లుడు దొరికినందుకు అన్సెల్మోకు గాల్లో తేలినట్టుంది. అయినా, ఎన్నడూ ఓడని పిల్ల కదా, ఓదార్చడం ధర్మమనుకున్నాడు.

"చేజేతులా చేసుకున్నావు తల్లీ. పాత గుంటలే ఉంటే ఆ బంతి నువ్వు కళ్లు మూసుకుని కొట్టినా పడేది."

"అందుకేగా నాన్నా మార్పించింది, పాత గుంటలో తప్పానంటే ఇస్కో నమ్ముతాడా?"