మొదటి ముద్ద

“మాత్ర వేసుకున్నాక మొదటి ముద్ద తినడానికి ఎంతసేపు పడుతోంది?”

డైటీషియన్ ఈ ప్రశ్న అడగగానే కోడలు మామగారి వైపు చూసింది. మామగారు గోడ మీది గడియారం వైపు చూశారు.

క్లోమానికి వచ్చిన కేన్సర్. మందు ఎక్కించడం మొదలై రెండు నెలలు దాటింది. బల్ల మీది ఫైల్లో ఆ వారం బరువు రాసి ఉంది. మూడు వారాల్లో రెండు కిలోలు పోయింది. ఇంకొక్క కిలో తగ్గితే ఒళ్లు తట్టుకోలేదని, తర్వాతి మందు వాయిదా వేయాల్సి వస్తుందని పెద్ద డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. ఎందుకు తగ్గుతోందో తేల్చుకోమని ఇద్దర్నీ ఈ గదికి పంపాడు.

తిండికి లోటేమీ లేదని కోడలు చెప్పింది. రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెంగా. గుడ్డు, పాలు, పెరుగు, ప్రతిదాంట్లో ఓ చెంచా నూనె ఎక్కువే. మాత్ర ఒక్కపూట కూడా మానలేదు, కంచం ముందు కూర్చోగానే వేసుకోవడమే. డైటీషియన్ అన్నీ రాసుకుంది. క్లోమం చేయాల్సిన పని ఇప్పుడు ఆ మాత్రే చేయాలని, అది తిండితో కలిసి లోపలికి వెళ్లకపోతే తిన్న నూనే పాలూ ఒంటికి పట్టకుండా పోతాయని వివరించి, మళ్లీ అదే ప్రశ్న వేసింది.

“మధ్యలో ప్రార్థన ఉంటుందండీ,” అంది కోడలు నసుగుతూ.

“ఎంతసేపు?”

“మామయ్యకి ఎంతమంది గుర్తొస్తే అంతసేపు.”

మామగారు గొంతు సవరించుకున్నారు. ఆ ఇంట్లో పెద్దవాళ్లు ప్రార్థన ముగించేదాకా ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు. ఆయన తండ్రి నాటి నుంచీ అంతే. మామూలు రోజుల్లో రెండు మాటల్లో తేలిపోయేది. ఇంట్లో జబ్బు అడుగుపెట్టాక పెరిగిపోయింది. నొప్పి తెలియకుండా సూది గుచ్చే నర్సు దగ్గర మొదలుపెట్టి, బస్సు నడిపే కొడుకు మీదుగా చుట్టాలందర్నీ చుట్టి, అసలు కోరిక దగ్గరికి వచ్చేసరికి పావుగంట.

“ఒక్కోసారి ఇరవై నిమిషాలు,” అని ఒప్పుకున్నారాయన.

డైటీషియన్ కలం కింద పెట్టింది. “తిండి వచ్చేసరికి మాత్ర కడుపు దాటి వెళ్లిపోతోంది బాబాయిగారూ.”

పోనీ ప్రార్థన అయ్యాకే మాత్ర వేసుకుంటే సరిపోదా అని కోడలు అడిగింది. అదీ కుదరదంది డైటీషియన్. తిండిని ఎదురుగా పెట్టుకుని అంతసేపు వాసన చూస్తూ కూర్చుంటే ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోతుంది, పైగా వికారం.

మామగారు అడిగిన మాటలో వేళాకోళం లేదు.

“దేవుణ్ణి కాస్త ఆగమనొచ్చా తల్లీ?”

“ఆయన ఆగగలడండీ. మాత్ర ఆగలేదు.”

బయటికొచ్చి వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూలబడ్డారు. ఈమధ్య దిగులుకి మామగారి చొక్కా ఆయన ఒంటి మీద వేలాడుతోంది. భుజం మీదికి దాన్ని లాక్కుంటూ, “నా నోటితో నేనే అడ్డుపడ్డానమ్మా,” అన్నారు.

“మీరడిగింది బాగుపడాలనే కదా మామయ్యా.”

“మంచి మాటకైనా వేళ ఉండాలి కాబోలు.”

ఆ సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చోగానే ముద్ద ఎత్తారు. దొంగతనం చేస్తున్నట్టనిపించింది. మాత్రా ముద్దా వెంటవెంటనే లోపలికి వెళ్లాయి.

ప్రార్థన భోజనం తర్వాతికి మారింది. అక్కడ ఆయనకి ఇంకో చిక్కు వచ్చిపడింది. ఖాళీ కంచం ముందు కూర్చుని ఏమడగాలి? తినడం అయిపోయింది. వాంతి కాలేదు, కడుపులో నొప్పి లేదు. అడగబోయి, మాటలు దొరక్క, ‘నాలుగు ముద్దలు దిగాయి, నీ దయ’ అని చేతులు జోడించి లేచిపోయేవారు. ఇన్నేళ్లూ దేవుడికి మొక్కానా, లేక కావలసిన వాటి చీటీ చదివి వినిపించానా అని ఒకరోజు తనలో తనే అనుకున్నారు. ఆ పూట ఒక గుడ్డు అదనంగా దిగింది. ప్రస్తుతానికి అదే జవాబనుకున్నారు.

మూడు వారాల తర్వాత మళ్లీ అదే గది. కొడుక్కి ఈసారీ సెలవు దొరకలేదు, ఇద్దరే వచ్చారు. డైటీషియన్ గోడవారనున్న బరువు మిషన్‌ని ముందుకు లాగింది. మామగారు కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డారు. అంకెలు పైకీ కిందికీ తడబడి, చివరికి ఒకచోట ఆగాయి.

“కిలోంపావు పెరిగింది,” అంది డైటీషియన్. “రేపు మందు ఎక్కించుకోవచ్చు. వాయిదా లేదు.”

మామగారి పెదవులు కదిలాయి. ఈసారి రెండే మాటలు. “చాలు తండ్రీ.”

“ఇక కళ్లు తెరవండి బాబాయిగారూ,” అని నవ్వింది ఆమె.

కోడలు మెల్లగా బరువు మిషన్ దిగింది.